ప్రమాదం ‘3’ అన్న రోజుల్లోనే ఎక్కువ మరణాలు ఎందుకు?

మంచు కొండల్లో అవలాంచ్ (మంచు చరియ) ప్రమాదాన్ని 1 నుంచి 5 దాకా అంకెల్లో చెబుతారు. 1 అంటే తక్కువ, 5 అంటే అతి తీవ్రం. 1993లో యూరప్ దేశాలు ఒప్పుకొన్న ఈ కొలమానాన్ని కొద్దిపాటి తేడాలతో అమెరికా, కెనడా కూడా వాడుతున్నాయి. మన హిమాలయాలకు వెలువడే హెచ్చరికల్లోనూ ఇలాంటి స్థాయులు, వాటికి రంగులు ఉంటాయి. మరి ఏ అంకె పడిన రోజుల్లో ఎక్కువ మంది చనిపోతున్నారు? 5 అనుకుంటాం, కాకపోతే 4 అనుకుంటాం. రెండూ తప్పే. సరైన జవాబు 3.

స్విట్జర్లాండ్‌లో దావోస్ కేంద్రంగా పనిచేసే ఎస్‌ఎల్‌ఎఫ్ అనే మంచు పరిశోధన సంస్థ దశాబ్దాలుగా ఈ లెక్కలు రాసిపెడుతోంది. అక్కడి చలికాలంలో సుమారు 20 శాతం రోజులకు ‘1’, 50 శాతం రోజులకు ‘2’, 30 శాతం రోజులకు ‘3’ పడుతుంది. ‘4’ పడేది ఏడాదికి ఏ కొద్ది రోజులో. ‘5’ అయితే కొన్నేళ్లకోసారి. మరణాల్లో వాటా చూస్తే ‘1’ రోజుల్లో 5 శాతం, ‘2’ రోజుల్లో 30 శాతం, ‘3’ రోజుల్లో దాదాపు 50 శాతం, ‘4’ రోజుల్లో 10 శాతం వరకు ఉంటాయి.

లెక్క తేలిగ్గా అర్థం కావడానికి 100 రోజుల చలికాలంలో 100 మంది చనిపోయారనుకుందాం (నిజానికి అక్కడ ఏడాదికి సగటు 20కి కాస్త పైన). అప్పుడు ‘1’ పడిన ప్రతి 10 రోజులకు రెండున్నర మరణాలు, ‘2’ పడిన ప్రతి 10 రోజులకు 6, ‘3’ పడిన ప్రతి 10 రోజులకు దాదాపు 17 తేలతాయి. 2కీ 3కీ మధ్య తేడా ఒక్క అంకే. మరణాలు మాత్రం దాదాపు మూడు రెట్లు. 5కి 3 అంటే సగానికి కాస్త ఎక్కువ అని మన బుద్ధి చెబుతుంది. పరీక్షలో 100కి 60 వచ్చినట్టు చదువుకుంటాం. ఈ కొలమానం అలా నడవదు. ఒక్కో అంకె పెరిగేకొద్దీ ప్రమాదం రెట్టింపు అవుతూ పోతుందని స్విస్ పర్వత గైడు వెర్నర్ ముంటర్ 1990లలోనే లెక్క కట్టి చూపించారు: 2, 4, 8, 16.

‘4’ రోజున సంకేతాలు కళ్లకు కనబడుతూనే ఉంటాయి. చరియలు వాటంతటవే జారుతుంటాయి, రోడ్లు మూసేస్తారు, స్కీ లిఫ్టులు ఆగిపోతాయి. జనం గదుల్లోంచి కదలరు. ‘3’ రోజున అలా కాదు. ఆకాశం నీలంగా ఉంటుంది, పక్క వాలు మీద ఎవరో నడిచిన అడుగులు కనబడతాయి, కొండ నిశ్శబ్దంగా ఉంటుంది. కానీ ‘3’కి ఇచ్చిన అర్థమే ఇది: నిటారు వాలుల మీద ఒక్క మనిషి బరువు చాలు, మంచు తెగడానికి. ప్రాణాంతకమైన అవలాంచ్‌లలో పదింట తొమ్మిదింటిని కదిలించింది చిక్కుకున్న మనిషో, అతని బృందంలోని వారో అని పాశ్చాత్య దేశాల రికార్డులు చెబుతున్నాయి. సరదాకో సాహసానికో కొండెక్కేవాళ్ల విషయంలో అవలాంచ్ ఎక్కడి నుంచో వచ్చి పడదు. చాలాసార్లు వాళ్ల కాళ్ల కిందే పుడుతుంది.

మన దేశంలో ఈ లెక్కలు చూడాలంటే కశ్మీర్‌లోని గుల్మార్గ్‌కు వెళ్లాలి. ఊరు సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంటుంది. గొండోలా రెండో దశ పర్యాటకుల్ని 3,900 మీటర్లు దాటించి అఫర్వత్ శిఖరం భుజం మీద దించుతుంది. కేబుల్ కారు దిగిన నిమిషంలో మనిషి కాపలా ఉన్న ట్రాక్ వదిలి, ఎవరి పర్యవేక్షణా లేని వాలు మీదికి పోగలడు. 2023 ఫిబ్రవరి 1న అక్కడ ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరి 22న ఒక రష్యన్ స్కీయర్ చరియల కింద చనిపోయారు. 2010 ఫిబ్రవరిలో అదే కొండల్లో శిక్షణ పొందుతున్న సైనికులు 17 మంది మరణించారు. నేర్చుకున్నవాళ్లకైనా మినహాయింపు లేదని 2022 అక్టోబర్ 4న మళ్లీ రుజువైంది. ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ బృందం ద్రౌపదీ కా దండా-2 శిఖరంపై ఉండగా చరియ తెగి 29 మంది ప్రాణాలు పోయాయి. వారిలో శిక్షకురాలు సవితా కన్స్వాల్ ఒకరు. అదే ఏడాది మే నెలలో 16 రోజుల వ్యవధిలో ఎవరెస్ట్‌నూ మకాలూనూ ఎక్కిన అమ్మాయి ఆమె.

ప్రమాద స్థాయి మన చేతిలో లేదు. మంచు ఎంత కురిసిందో, గాలి ఎటు వీచిందో మన చేతిలో లేదు. ఈ వ్యవహారంలో ట్రెక్కర్ చేతిలో ఉన్న అంకె ఒక్కటే. అది వాలు కోణం.

పొడి మంచు పలకలుగా తెగి జారేది ప్రధానంగా 30 నుంచి 45 డిగ్రీల మధ్య వాలుల మీద. అందులోనూ 38 డిగ్రీల చుట్టుపక్కల అత్యధికం. 25 డిగ్రీల కంటే తక్కువ వాలు మీద పలక తెగినా సాధారణంగా జారదు. 50 దాటితే మంచు నిలవదు, కురుస్తున్నప్పుడే కొద్దికొద్దిగా రాలిపోతుంది. మధ్యలో ఉన్న ఆ 15 డిగ్రీలే ప్రాణాంతకం. చిక్కేమిటంటే స్కీయింగ్‌కు అత్యంత హాయిగా ఉండే వాలులూ అవే.

30 డిగ్రీలంటే ఎంత? మామూలు ఇంటి మెట్ల వాలు దాదాపు అంతే ఉంటుంది. అడ్డంగా 10 మీటర్లు వెళ్తే 5.8 మీటర్లు పైకి లేస్తే అది 30. అడ్డంగా 10 వెళ్లేసరికి 7 లేస్తే 35. కంటితో చూసి చెప్పడంలో అనుభవజ్ఞులు కూడా పొరబడతారు, కింద నుంచి చూస్తే ఒకలా, పై నుంచి చూస్తే మరోలా కనబడుతుంది. కర్రను వాలు మీద పరిచి, దాని మీద ఫోన్ పెట్టి, అందులోని కోణమానిని చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది. అయితే ప్రమాదకరమైన వాలు మీదికి వెళ్లి కొలిస్తే అప్పటికే ఆలస్యం. ఆ పని ముందు రోజు రాత్రి మ్యాప్ మీద చేయాలి. 1:50,000 స్కేలులో, 40 మీటర్లకో ఎత్తు గీత ఉన్న మ్యాప్ మీద రెండు గీతల మధ్య దూరం 1.4 మిల్లీమీటర్లు ఉంటే ఆ వాలు 30 డిగ్రీలు. గీతలు అంతకంటే దగ్గరగా ఉంటే ఇంకా నిటారు. చిన్న స్కేలు, పెన్సిలు ఉంటే చాలు, ఒక గంటలో మొత్తం దారి తేలిపోతుంది.

ముంటర్ ఈ కోణాన్ని ప్రమాద స్థాయితో ముడిపెట్టి సాదా సూత్రం ఇచ్చారు. ‘2’ రోజున 40 డిగ్రీల లోపు, ‘3’ రోజున 35 లోపు, ‘4’ రోజున 30 లోపు వాలుల మీదే తిరగాలి. ఆల్ప్స్ పర్వతాల్లో లోయ లోయకూ సమాచారం ఉన్నచోట పుట్టిన సూత్రమిది. హిమాలయాల్లో మనకు అంత సమాచారం లేదు కాబట్టి, శిక్షణ లేనివారు ఏ రోజైనా 30 దగ్గరే గీత గీసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

కోణం కొలిచేటప్పుడు కాళ్ల కింద ఉన్న చోటు ఒక్కటీ చూస్తే సరిపోదు. మీరు 22 డిగ్రీల మెత్తని వాలు మీద నడుస్తున్నారు, 60 మీటర్లు పైన అదే వాలు 37కి లేచింది. లెక్కలోకి వచ్చేది 37. కింద మీరు వేసిన అడుగుకు బలహీన పొర కుంగి, ఆ పగులు పైకి పాకి, పై పలకను తెంపగలదు. అలాగే చదునైన చోట గుడారం వేసుకున్నాం కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. పెద్ద అవలాంచ్ ఆగే చోటు నుంచి అది తెగిన చోటుకు గీత గీస్తే, ఆ గీత వాలు 20 డిగ్రీల దాకా తగ్గవచ్చు. అంటే 500 మీటర్ల ఎత్తు నుంచి తెగిన మంచు అడ్డంగా 1,370 మీటర్ల దూరం దాకా రాగలదు. క్యాంపు వేసే ముందు తల ఎత్తి పైన ఏముందో చూడాలని గైడ్లు పదేపదే చెప్పేది ఇందుకే.

ఇక మంచు సంగతి. అవలాంచ్ తెగడానికి నాలుగు కలవాలి: తగినంత వాలు, గట్టిపడిన పై పలక, దాని కింద బలహీనమైన పొర, తెంపే బరువు. వీటిలో పైకి కనబడనిది, అందుకే ఎక్కువ మందిని మోసం చేసేది ఆ బలహీన పొర.

మంచు ఎంత ఎక్కువ ఉంటే అంత ప్రమాదమని చాలామంది నమ్మకం. బలహీన పొర పుట్టుక చూస్తే దీనికి పూర్తిగా తలకిందులు. మంచు కింద నేల దాదాపు సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది. పైన గాలి రాత్రిళ్లు మైనస్ 20కి పడిపోయిందనుకోండి. మంచు 2 మీటర్ల మందం ఉంటే ఆ 20 డిగ్రీల తేడా 2 మీటర్లలో సర్దుకుంటుంది, అంటే ప్రతి 10 సెంటీమీటర్లకు ఒక డిగ్రీ. అదే మంచు 50 సెంటీమీటర్లే ఉంటే ప్రతి 10 సెంటీమీటర్లకు 4 డిగ్రీలు. ఈ లెక్కలో ‘10 సెంటీమీటర్లకు ఒక డిగ్రీ’ అన్నది హద్దు. అది దాటితే మంచులోని నీటి ఆవిరి కింది వెచ్చని చోటు నుంచి పైకి కదులుతూ, దారిలో ఉన్న మంచు గింజల్ని తిని కొత్త గింజల్ని పెంచుతుంది. ఆ కొత్త గింజలు కోణాలు తేలి, పెద్దవిగా, ఒకదానితో ఒకటి అతుక్కోకుండా తయారవుతాయి. పారతో గొయ్యి తీసి అడుగు నుంచి పిడికెడు తీసుకుంటే ముద్ద కట్టవు, వేళ్ల సందుల్లోంచి జారిపోతాయి. కాస్త ఎండకు పట్టి చూస్తే గీతలు గీతలుగా మెరిసే అంచులు కనబడతాయి. ఆ పొర ఒకసారి ఏర్పడితే రోజుల్లో పోదు, వారాలు, ఒక్కోసారి చలికాలమంతా అడుగున అలాగే ఉండిపోతుంది.

హిమాలయాల్లో ఇది ఎక్కడ ఎక్కువో దీన్ని బట్టి తేలిపోతుంది. పీర్ పంజాల్ లాంటి దక్షిణపు వరుసల్లో మంచు దండిగా పడుతుంది, చలి కాస్త తక్కువ. అక్కడ ప్రమాదమంతా ప్రధానంగా తుపానుతో వచ్చి, కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది. ఉత్తరాన లద్దాఖ్, కారకోరం వైపు పోయేకొద్దీ మంచు పలుచన, చలి విపరీతం. నవంబరు, డిసెంబరుల్లో పడిన పలుచని మంచు అక్కడ నెలల తరబడి కుళ్లి అడుగున కూర్చుంటుంది. ఆపైన జనవరి, ఫిబ్రవరి నెలల్లో పడమటి వాతావరణ అలజడులు (వెస్టర్న్ డిస్టర్బెన్సులు) ఒక్కొక్కటే వచ్చి కొత్త మంచు కుమ్మరిస్తాయి. పునాది లేని గోడ మీద అంతస్తులు కట్టినట్టే అవుతుంది. ‘ఈ ఏడాది మంచు తక్కువ, కాబట్టి భయం లేదు’ అన్న మాట ఎవరి నోటైనా వింటే అక్కడే ఆపి ఈ లెక్క చెప్పండి.

ఈ పొరను పసిగట్టడానికి కొండల్లో వాళ్లు చేసే పరీక్ష ఒకటుంది. రాన్ సిమెన్‌హోయిస్, కార్ల్ బిర్క్‌లాండ్ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో దీన్ని వెలుగులోకి తెచ్చారు. ప్రమాదం లేని చిన్న వాలు ఎంచుకుని, దాటబోయే పెద్ద వాలు చూసే దిక్కుకే, అదే ఎత్తున, మంచులో గొయ్యి తీస్తారు. గోడలోంచి 90 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతు ఉన్న దిమ్మెను పక్కలా వెనకా రంపంతో, తాడుతో కోసి విడదీస్తారు. ఒక చివర పార రేకును బోర్లించి పెట్టి, చేత్తో మణికట్టు నుంచి పదిసార్లు, మోచేతి నుంచి పదిసార్లు, భుజం నుంచి పదిసార్లు తడతారు. ఏదో ఒక దెబ్బకు పార కింద సన్నని గీతలా పగులు కనబడుతుంది. అది పార కిందే ఆగిపోతే కొంత ఊరట. అదే దెబ్బకో మరుసటి దెబ్బకో 90 సెంటీమీటర్లూ ఒక్క ఊపున పాకి దిమ్మె మొత్తం ముందుకు జారిందంటే, ఎదురుగా ఉన్న పెద్ద వాలు కూడా అలాగే ప్రవర్తించవచ్చు. వెనక్కి తిరగాల్సిందే. అయితే జారకపోయినంత మాత్రాన పచ్చజెండా ఊపినట్టు కాదు. 90 సెంటీమీటర్ల దిమ్మె 200 మీటర్ల వాలు గురించి పూర్తి సాక్ష్యం చెప్పలేదు. ఈ పరీక్ష ‘వద్దు’ అంటే నమ్మాలి, ‘సరే’ అంటే అనుమానించాలి.

గొయ్యి తీయకుండానే కొండ చెప్పే మాటలూ ఉంటాయి. నడుస్తుంటే మంచు ‘వుఫ్’మని బరువుగా కుంగిన చప్పుడు, అడుగు నుంచి ముందుకు పరుగెత్తే పగుళ్లు, చుట్టుపక్కల అదే దిక్కు వాలు మీద ఆ ఉదయమే జారిన తాజా చరియ. ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఎదురైనా అంకెలతో పని లేదు, ఆ రోజుకు నిటారు వాలులు బంద్.

కొత్త మంచుకూ ఒక హద్దు ఉంది. చలి, బలమైన గాలి, పాత మంచు నునుపుగా ఉండటం లాంటి చెడ్డ పరిస్థితులు తోడైతే 10 నుంచి 20 సెంటీమీటర్ల తాజా మంచుకే ప్రమాదం ‘3’కు చేరుతుంది. పరిస్థితులు అనుకూలంగా ఉంటే 30 నుంచి 60 సెంటీమీటర్ల దాకా పట్టవచ్చు. ఇక్కడ గాలి పాత్ర పెద్దది. కొండకు ఒక పక్క మంచును లేపి మరో పక్క పోసే గాలి, ఆకాశం నుంచి కురిసే మంచు కంటే పది రెట్లు వేగంగా వాలును నింపగలదు. ఊళ్లో 15 సెంటీమీటర్లే పడిందని తెలిసి బయల్దేరినవాళ్లకు శిఖరం చాటున మీటరున్నర మందం పలక ఎదురవడం ఇందువల్లే. తుపాను ఆగిన తర్వాతి 24 నుంచి 48 గంటలు చాలా చెడ్డవి. సరిగ్గా అప్పుడే ఎండ కాస్తుంది, ఫొటోలు బాగా వస్తాయి, బృందాలు కదులుతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇంకో రకం: మధ్యాహ్నపు ఎండకు మంచు తడిసి బరువెక్కి జారుతుంది. అందుకే వసంతంలో తెల్లవారకముందే ఎక్కి పూట గడవకముందే దిగిపోతారు.

ఓ మోస్తరు పలక బరువెంతో చూద్దాం. 50 మీటర్ల వెడల్పు, 80 మీటర్ల పొడవు, అర మీటరు మందం అనుకోండి. అంటే 2,000 ఘనపు మీటర్లు. కాస్త గట్టిపడిన మంచు ఘనపు మీటరుకు 200 కిలోలు తూగుతుంది. మొత్తం 400 టన్నులు. ఇది గంటకు 80 నుంచి 130 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఆగాక ఒరుసుకున్న గింజలు క్షణాల్లో బిగుసుకుంటాయి, ఘనపు మీటరు బరువు 400 కిలోలకు పెరుగుతుంది. కూరుకుపోయిన మనిషి వేలు కదపలేడు. ఎటు పైనో ఎటు కిందో తెలియదు.

అక్కడి నుంచి గడియారం మొదలవుతుంది. స్విట్జర్లాండ్‌లో 1981 నుంచి 2020 దాకా తల, ఛాతీ మంచులో కూరుకుపోయిన 1,643 మంది వివరాలు విశ్లేషించి 2024లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 10 నిమిషాల్లోపు తీసినవారిలో 91 శాతం బతికారు. 30 నిమిషాలకు అది 31 శాతానికి పడిపోయింది. మధ్యలో ఉన్న 20 నిమిషాల్లో 100కి 60 మంది పోతున్నారు. ఎక్కువ మందిని చంపేది చలి కాదు, ఊపిరాడకపోవడం. మరణాల్లో మూడింట రెండు వంతులకు పైగా దానివల్లే. మిగిలినవి ప్రధానంగా చెట్లకు, రాళ్లకు కొట్టుకున్న దెబ్బలు. వదిలిన ఊపిరి ముఖం ముందు మంచు పొరగా గడ్డకట్టి, గాలి దారిని మూసేస్తుంది.

ఆశ కలిగించే అంకెలూ ఆ అధ్యయనంలోనే ఉన్నాయి. నాలుగు దశాబ్దాల్లో మొత్తం బతికినవారి వాటా 43.5 నుంచి 53.4 శాతానికి పెరిగింది. తీయడానికి పట్టే మధ్యస్థ సమయం 45 నిమిషాల నుంచి 25కి తగ్గింది. రెండు గంటలు దాటి కూరుకుపోయినవారిలో కూడా కొందరు బతికారు, ముఖం ముందు గాలి ఉన్న ఖాళీ దొరికినవాళ్లు.

ఆ ఖాళీ విలువ ఏమిటో 2016లో దేశమంతా చూసింది. ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19,600 అడుగుల ఎత్తున ఉన్న సోనమ్ పోస్టు మీద మంచు గోడ కూలింది. మద్రాస్ రెజిమెంట్‌కు చెందిన 10 మంది అడుగున పడిపోయారు. వారిలో అప్పటి కర్నూలు జిల్లాకు చెందిన జవాను కూడా ఉన్నారు. ఆరు రోజుల తర్వాత, 25 అడుగులకు పైగా తవ్వాక, లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్ ప్రాణాలతో దొరికారు. గుడారంలో గాలి మిగిలినందువల్లే అది సాధ్యమైంది. ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆసుపత్రిలో ఆయన కూడా కన్నుమూశారు. 2025 ఫిబ్రవరి 28న బద్రీనాథ్ దగ్గరి మాణాలో సరిహద్దు రోడ్ల సంస్థ క్యాంపు మీద చరియ పడినప్పుడు చిక్కుకున్న 54 మంది కార్మికుల్లో 46 మందిని కాపాడగలిగారు, 8 మంది చనిపోయారు. చిక్కుకున్నవాళ్లలో చాలామంది ఇనుప కంటైనర్లలో ఉన్నారు. బయట వాలు మీద నడిచే ట్రెక్కర్‌కు చుట్టూ కంటైనరు ఉండదు.

కాబట్టి 10 నిమిషాల లెక్క వేయాల్సింది బృందమే. హెలికాప్టర్ లేవడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది. మీటరు లోతున ఉన్న మనిషిని తీయాలంటే 2 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు గొయ్యి తవ్వాలి. అంటే 3 ఘనపు మీటర్లు, 1,200 కిలోలు. పారకు 4 కిలోల చొప్పున 300 పారలు. ఇద్దరు తలా మూడు సెకన్లకో పార వేసినా ఏడున్నర నిమిషాలు. అంటే మనిషి ఎక్కడున్నాడో కనిపెట్టడానికి మిగిలింది రెండున్నర నిమిషాలే. చేతులతో, ప్లేట్లతో తవ్వితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

కనిపెట్టేది ట్రాన్స్‌సీవర్. 457 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యం మీద సంకేతం పంపుతూ, అవసరమైనప్పుడు వెతికే యంత్రానికి మారే చిన్న పరికరం. ప్రపంచంలో ఏ కంపెనీదైనా ఇదే పౌనఃపున్యం. దాంతోపాటు రెండు మీటర్లకు పైన పొడవుండే మడత కడ్డీ, లోహపు పార. ఈ మూడూ బృందంలో ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. ట్రాన్స్‌సీవర్ ఉండి పార లేకపోతే స్నేహితుడు ఎక్కడ చనిపోతున్నాడో తెలుస్తుంది, తీయలేం. గైడు ఒక్కడి దగ్గరే ఉంటే, గైడే కూరుకుపోయిన రోజున ఎవరూ లేనట్టే. గాలి సంచి ఉన్న బ్యాగులు కూడా వచ్చాయి. తీవ్రంగా చిక్కుకున్నవారిలో మరణాల్ని అవి 22 శాతం నుంచి 11 శాతానికి తగ్గించాయని 2014లో వచ్చిన అధ్యయనం తేల్చింది. సగానికి సగం తగ్గడం పెద్ద విషయమే. కానీ ఆ 11 మంది సంచి తెరుచుకున్నా పోయినవాళ్లు.

ఇప్పుడు హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి, విశాఖ నుంచి ఏటా మంచు ట్రెక్కులకు వెళ్తున్న మనవాళ్ల సంగతి. కేదార్‌కంఠ, బ్రహ్మతాల్ లాంటి పేర్లు ఇప్పుడు ఆఫీసు క్యాంటీన్లలో వినబడుతున్నాయి. సంతోషమే. మన పిల్లలు మంచు చూసి రావాలి. మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కి తెలుగు నేలకు పేరు తెచ్చినప్పుడు కలిగిన గర్వం ఇంకా తాజాగానే ఉంది. వాళ్లు ఎక్కింది టిబెట్ వైపు నుంచి. అంతకు నెల ముందు, ఏప్రిల్ 18న, నేపాల్ వైపు ఖుంబు హిమపాత ప్రాంతంలో మంచుగడ్డ కూలి 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. ఆ వైపు ఆరోహణలు ఆ సీజన్‌కు దాదాపుగా ఆగిపోయాయి. యాత్రికుడు ఆ దారిలో కొద్దిసార్లే నడుస్తాడు, సామాన్లు మోసేవాడు ఎన్నో రెట్లు నడుస్తాడు. ఒక్కసారి దాటితే వెయ్యిలో ఒక వంతు ముప్పు ఉందనుకుంటే, వందసార్లు దాటినవాడికి అది దాదాపు పదిలో ఒక వంతు అవుతుంది. గైడ్లు, పోర్టర్ల కుటుంబాలు మోస్తున్న బరువు ఇది. మన సరదా కోసం వాళ్లను ఏ వాలు మీదికి పంపుతున్నామో కూడా మనమే ఆలోచించాలి.

టికెట్లు కొన్నాం, సెలవు మళ్లీ దొరకదు, గ్రూపులో అందరూ ముందుకే అంటున్నారు, పోయినేడాది ఇదే దారిలో ఏమీ కాలేదు. అమెరికాలో 1972 నుంచి 2003 దాకా జరిగిన 715 అవలాంచ్ ప్రమాదాలను పరిశీలించిన ఇయాన్ మెక్‌కమన్, ప్రమాద సంకేతాలు కళ్లెదుటే ఉన్నా జనాన్ని ముందుకు తోసింది ఇలాంటి ఆలోచనలేనని చూపించారు. తెలిసిన దారి మీద ధీమా, శిక్షణ పొందినవారి చేత కూడా తప్పు చేయించింది. శిఖరం చేరకుండా వెనక్కి తిరిగితే డబ్బు పోయినట్టేనని అనుకునే బృందంలో ‘నేను రాను’ అనడానికి ధైర్యం కావాలి. ఆ మాట ముందుగా అన్నవాడిని ఎగతాళి చేసే బృందంతో మంచులోకి వెళ్లకూడదు.

మనకు హెచ్చరికలు లేకపోలేదు. 1969లో మనాలిలో మొదలైన మంచు, అవలాంచ్ అధ్యయన సంస్థ 2020లో డీజీఆర్‌ఈగా మారింది. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో కింద చండీగఢ్ కేంద్రంగా పనిచేస్తూ జమ్మూకశ్మీర్, లద్దాఖ్, హిమాచల్, ఉత్తరాఖండ్ జిల్లాలకు ఫలానా ఎత్తుకు పైన ఫలానా స్థాయి ప్రమాదం అని ప్రకటిస్తుంది. మాణా ఘటనకు ముందు కూడా చమోలీ జిల్లాకు హెచ్చరిక వెలువడింది. చిక్కంతా ఆ సమాచారం ఎంత సూక్ష్మంగా ఉంది, ఎవరికి చేరుతోంది అన్న దగ్గరే ఉంది. 41 వేల చదరపు కిలోమీటర్ల స్విట్జర్లాండ్‌కు దాదాపు 200 మంది పరిశీలకులు, అంతకు తగ్గ యంత్ర కేంద్రాలు చలికాలమంతా రోజూ వివరాలు పంపుతాయి. ఏ దిక్కు వాలు, ఏ ఎత్తు, ఏ పొర అన్నది బులెటిన్‌లో ఉంటుంది. మనకు జిల్లా మొత్తానికి ఒక అంకె వస్తుంది. పర్యాటకుల్ని ఇంతమందిని పంపుతున్న రాష్ట్రాలు ఆ అంకెను ట్రెక్కు మొదలయ్యే ప్రతి ఊళ్లో, హిందీలో, స్థానిక భాషలో బోర్డు మీద రాసి పెట్టించడం అంత ఖర్చు పనేమీ కాదు.

అది జరిగేదాకా, జనవరి నుంచి ఏప్రిల్ మధ్య మంచు ట్రెక్కుకు డబ్బు కట్టే ముందు నిర్వాహకులకు ఫోన్ చేసి అడగండి. దారిలో 30 డిగ్రీలు దాటిన చోట్లు ఎక్కడెక్కడ ఉన్నాయి, వాటి కింద ఎంతసేపు నడుస్తాం? ట్రాన్స్‌సీవర్, కడ్డీ, పార తలా ఒకటి ఇస్తారా, మొదటి రోజు వాటితో సాధన చేయిస్తారా? ఆ ఉదయపు డీజీఆర్‌ఈ స్థాయి ‘3’ అయితే ఏం చేస్తారు, వెనక్కి తిరిగితే డబ్బు సంగతేమిటి? వీటికి తడుముకోకుండా జవాబు చెప్పినవాళ్లతోనే వెళ్లండి. చెప్పలేకపోతే మే నెల దాకా ఆగండి, లేదా మరొకరిని వెతుక్కోండి.